సెయింట్ మిషెల్ ద మోరియెన్ రైలు ప్రమాదము (1917)

సెయింట్ మిషెల్ ద మోరియెన్ రైలు ప్రమాదము 1917 డిసెంబరు 12వ తేదీ రాత్రి ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగంలో, ఆల్ప్స్ పర్వతములలోని సావోయ్ ప్రాంతంలో జరిగినది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీ యుద్ధరంగము నుండి సెలవుపై స్వస్థలములకు వెళ్తున్న ఫ్రెంచి సైనికుల రైలు మొడాన్ స్టేషను నుండి కొండ వాలున దిగుతూ అదుపు తప్పి, సెయింట్ మిషెల్ పట్టణమునకు కొద్ది దూరంలో పట్టాలు తప్పి దగ్ధమైనది. ఇందులో సుమారు 675 మంది మరణించినట్లు సాధారణంగా లెక్కిస్తారు. కొన్ని గ్రంథాలలో ఈ సంఖ్య 700కు పైగా కనిపిస్తుంది. ఫ్రాన్సు రైల్వేల చరిత్రలో ఇంతకు మించిన ప్రాణనష్టము కలిగించిన ప్రమాదము వేరొకటి లేదు.

ఈ ఊరి పేరును ఫ్రెంచివారు "సాఁ మిషెల్" అన్నట్లుగా పలుకుతారు. తెలుగులో "సెయింట్" అనునది వాడుకలో ఉన్నందున ఈ వ్యాసంలో ఆ రూపమే వాడబడినది.

దీనిని ప్రమాదము అని పిలుచుట అలవాటే గాని, ఆ పదము పూర్తిగా సరిపోదు. రైలు కదలక ముందే దాని బ్రేకులు ఆ వాలుకు చాలవని డ్రైవరు గుర్తించాడు, నడుపుటకు నిరాకరించాడు. అయినప్పటికీ రైలును పంపించారు.

మార్గము

మోరియెన్ అనునది ఆర్క్ అను నది ప్రవహించు పొడవైన ఇరుకు లోయ. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ప్రధాన రైలు మార్గములలో ఒకటి ఈ లోయ గుండానే ఎక్కుతూ మొడాన్ చేరుతుంది. అక్కడి నుండి సుమారు 13 కి.మీ. పొడవు గల ఫ్రేజుస్ సొరంగము ద్వారా ఇటలీలోని బార్దొనేక్యా పట్టణమునకు వెళ్తుంది. ఈ సొరంగమునకు మోఁ సెనీ సొరంగము అని కూడా పేరు. 1871లో ప్రారంభమైన ఈ సొరంగము ఆల్ప్స్ పర్వతములను తొలిచి వేసిన మొదటి పెద్ద రైలు సొరంగము.

మొడాన్ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 1,050 మీటర్ల ఎత్తున ఉన్నది. సెయింట్ మిషెల్ స్టేషను సుమారు 710 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ రెండింటి మధ్య దూరము 16 కి.మీ. లోపే. అనగా రైలు ఇంత తక్కువ దూరంలో దాదాపు 340 మీటర్లు క్రిందకు దిగవలెను. వాలు అన్ని చోట్లా ఒకే తీరుగా ఉండదు. మిక్కిలి ఎక్కువగా ఉన్న భాగంలో అది వెయ్యికి 33, అనగా వెయ్యి మీటర్లు ముందుకు సాగితే 33 మీటర్లు దిగుట. రోడ్డుపై నడిచే మనిషికి ఇది పెద్ద వాలు కాదు. కాని నున్నని ఇనుప పట్టాపై నున్నని ఇనుప చక్రము దొర్లు రైలుకు ఇది చాలా కఠినమైన వాలు. దీనికి తోడు మార్గము నది వెంట మెలికలు తిరుగుతూ, వంతెనలపై నదిని దాటుతూ, కొండను తొలిచిన కోతల గుండా సాగుతుంది.

సొరంగము పూర్తి కాకముందు రైలు సెయింట్ మిషెల్ వరకే వచ్చేది. 1868 నుండి 1871 వరకు అక్కడి నుండి మోఁ సెనీ కనుమ మీదుగా ఇటలీలోని సూసా వరకు, రోడ్డు ప్రక్కనే వేసిన ఒక తాత్కాలిక రైలు నడిచినది. ఫెల్ అను ఆంగ్లేయ ఇంజనీరు పద్ధతిలో నిర్మించిన ఆ మార్గంలో రెండు పట్టాల నడుమ మూడవ పట్టా ఒకటి ఉండేది. ఇంజను దానిని ఇరువైపుల నుండి అడ్డచక్రములతో బిగించి పట్టుకొని ఎక్కేది. దిగునప్పుడు బ్రేకులు కూడా ఆ నడిమి పట్టానే పట్టుకొనేవి. సొరంగము తెరవగానే ఆ మార్గమును తొలగించారు. తరువాతి మార్గము మామూలు రెండు పట్టాల మార్గము. కాబట్టి రైలును నిలుపు భారమంతయు చక్రములపై ఒత్తు బ్రేకులదే.

యుద్ధ నేపథ్యము

1917 అక్టోబరు చివరలో కాపొరెట్టో వద్ద ఇటలీ సైన్యము ఆస్ట్రియా, జర్మనీ సేనల చేతిలో ఘోరంగా ఓడి వెనుకకు తగ్గినది. ఇటలీని నిలబెట్టుటకు ఫ్రాన్సు, బ్రిటన్‌లు తమ డివిజన్లను హుటాహుటిన అక్కడకు పంపాయి. ఈ సేనలు, వారి ఫిరంగులు, మందుగుండు, ఆహారము చాలా వరకు మోరియెన్ లోయ గుండా, ఫ్రేజుస్ సొరంగము గుండా వెళ్ళవలసి వచ్చినది. మొడాన్ స్టేషను రాత్రింబవళ్ళు రైళ్ళతో క్రిక్కిరిసిపోయినది. ఇంజన్లకు కొరత ఏర్పడినది.

డిసెంబరు నాటికి యుద్ధరంగము కొంత కుదుటపడినది. క్రిస్మసు పండుగ దగ్గరకు వచ్చుటతో అనేకమంది ఫ్రెంచి సైనికులకు సెలవు మంజూరైనది. ఆ సెలవు వారికి ఎంత విలువైనదో తెలియవలెనన్న అదే సంవత్సరము వసంతకాలంలో ఫ్రెంచి సైన్యంలో చెలరేగిన తిరుగుబాట్లను గుర్తుచేసుకోవలెను. అప్పట్లో సైనికుల ముఖ్యమైన ఫిర్యాదులలో సెలవులు సరిగా దొరకకపోవుట ఒకటి. సేనాధిపతిగా వచ్చిన జనరల్ పెటైన్ నాలుగు నెలలకు ఒకసారి ఏడు రోజుల సెలవు క్రమం తప్పక ఇవ్వవలెనని ఏర్పాటు చేశాడు. కనుక సెలవు రైలును ఆపుట అధికారులకు కూడా ఇష్టమైన పని కాదు.

యుద్ధము మొదలైన నాటి నుండి ఫ్రాన్సులోని రైల్వేలు సైనిక అధికారము క్రిందకు వచ్చాయి. ఈ మార్గమును నడుపు సంస్థ పారిస్-లియాన్-మెడిటరేనియన్ రైల్వే కంపెనీ. దీనిని పొడి అక్షరాలతో పి.ఎల్.ఎం. అని పిలిచేవారు. డ్రైవర్లు, గార్డులు కంపెనీ ఉద్యోగులే అయినను, యుద్ధకాలంలో సైనిక క్రమశిక్షణకు కట్టుబడి ఉండవలెను. ఈ విషయము తరువాత జరిగిన దానికి కీలకమైనది.

రైలు కూర్పు

ఇటలీ నుండి సైనికులతో వచ్చిన రెండు రైళ్ళను మొడాన్ వద్ద ఒకటిగా కలిపారు. అలా తయారైన రైలులో 19 పెట్టెలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగము ఇటలీ రైల్వేలకు చెందిన, చెక్కతో నిర్మించిన ప్రయాణీకుల పెట్టెలు. రైలు పొడవు సుమారు 350 మీటర్లు, బరువు 526 టన్నులు. ఇందులో సుమారు 980 మంది సైనికులు ఉన్నారు. అధికారులలో చాలామంది మొడాన్‌లో ఈ రైలు దిగి, పారిస్ వెళ్ళు మామూలు ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఆ విధంగా వారు బ్రతికిపోయారు.

బ్రేకుల విషయానికి వస్తే, 19 పెట్టెలలో ఇంజను వెనుకనున్న మొదటి మూడింటికి మాత్రమే డ్రైవరు చేతిలో ఉండు గాలి బ్రేకు పనిచేయుచున్నది. తక్కిన పెట్టెలలో కొన్నింటికి చేతి బ్రేకులు ఉన్నాయి, కొన్నింటికి అవి కూడా లేవు. చేతి బ్రేకులు త్రిప్పుటకు రైలు మొత్తము మీద వేళ్ళపై లెక్కించదగినంత మంది మాత్రమే ఉన్నారు. ఇంజను కూత విని వారు తమ బ్రేకులను బిగించవలెను, లేదా సడలించవలెను.

ఇంత బరువైన రైలు ఆ వాలు దిగుటకు రెండవ ఇంజను అవసరము. దిగువకు వెళ్ళు రైలుకు అదనపు ఇంజను ఎందుకని అనిపించవచ్చు. ఇంజను స్వయంగా చాలా బరువైనది, దాని బ్రేకులు బలమైనవి, పైగా ఆవిరిని ఎదురు దిశలో పంపి చక్రముల వేగమును తగ్గించు వీలు కూడా దానికి ఉన్నది. కొండ మార్గములలో రెండవ ఇంజను లాగుటకే గాక నిలుపుటకు కూడా పనికివస్తుంది. అయితే ఆ రాత్రి మొడాన్‌లో అందుబాటులో ఉన్న మరొక ఇంజనును మందుగుండు రైలుకు కేటాయించారు. ఈ రైలుకు ఒక్క ఇంజనే మిగిలినది.

మొడాన్‌లో నిరాకరణ

ఇంజను డ్రైవరు పేరు గిరార్డ్. ఆ మార్గము అతనికి తెలుసు. రైలు బరువును, బ్రేకులను చూసి ఈ స్థితిలో క్రిందకు దిగుట క్షేమము కాదని చెప్పి నడుపుటకు నిరాకరించాడు. స్టేషనులో రాకపోకలను పర్యవేక్షించు సైనికాధికారి అందుకు ఒప్పుకొనలేదు. ఆజ్ఞను పాటించకపోతే సైనిక చట్టము ప్రకారము శిక్ష తప్పదని హెచ్చరించినట్లు ఈ సంఘటనపై వచ్చిన రచనలు చెప్తున్నాయి. యుద్ధకాలంలో అటువంటి హెచ్చరికకు అర్థమేమిటో ఆ నాటి ఫ్రెంచివారికి వేరుగా చెప్పనక్కరలేదు. గిరార్డ్ ఇంజను ఎక్కాడు.

ఇతర రైళ్ళకు దారి ఇచ్చుటకై కొంతసేపు ఆగిన పిదప, రాత్రి 11 గంటల 15 నిమిషములకు రైలు మొడాన్ నుండి కదిలినది.

ప్రమాద క్రమము

మొదట రైలు చాలా నెమ్మదిగా, మనిషి నడకకు కొంచెం ఎక్కువ వేగంతో కదిలినది. ఫ్రెనే స్టేషను దాటిన తరువాత వేగము పెరుగసాగినది. డ్రైవరు తన వద్దనున్న బ్రేకులన్నింటినీ వాడాడు. బ్రేకులు వేయమని వెనుకనున్న వారికి కూతలతో సంకేతాలు ఇచ్చాడు. వారు బిగించారు. అయినను వేగము తగ్గలేదు.

బ్రేకు దిమ్మలు ఎర్రగా కాలాయి. వాటి నుండి ఎగిరిన నిప్పురవ్వలకు చెక్క పెట్టెల అడుగు భాగములు అంటుకొన్నాయి. రైలు పట్టాలు తప్పుటకు ముందే కొన్ని పెట్టెల క్రింద మంటలు మొదలైనవి. భయపడిన సైనికులలో కొందరు బయటకు దూకారు. లా ప్రాజ్ స్టేషను మాస్టరు తన ముందు నుండి రైలు మితిమీరిన వేగంతో దూసుకుపోవుట చూసి దిగువ స్టేషన్లకు సమాచారము అందించాడు. ఆ సమయానికి సెయింట్ జాన్ ద మోరియెన్ స్టేషనులో బ్రిటిష్ సైనికులతో నిండిన ఒక రైలు మొడాన్ వైపు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. దానిని అక్కడే ఆపివేశారు. ఆ ఒక్క నిర్ణయము లేకుంటే ఏమి జరిగి ఉండేదో ఊహించుట కష్టము కాదు.

ఇంజనులోని వేగమాపకము గంటకు 135 కి.మీ. నమోదు చేసినది. ఆ భాగంలో అనుమతించిన గరిష్ఠ వేగము 40 కి.మీ. మాత్రమే. సెయింట్ మిషెల్ స్టేషనుకు సుమారు 1,300 మీటర్ల దూరంలో, లా సొస్సాజ్ అను చోట, ఆర్క్ నదిపై వంతెన దాటిన తరువాత మొదటి పెట్టె పట్టాలు తప్పినది. ఇంజనుకు, పెట్టెలకు మధ్యనున్న లంకె తెగినది. అక్కడ మార్గము రెండు గోడల మధ్యనున్న ఇరుకు కోతలో సాగుతుంది. ప్రక్కలకు పడిపోవుటకు చోటు లేనందున వెనుక నుండి వచ్చిన పెట్టెలు ముందున్న వాటిపైకి ఎక్కి, ఒకదానిలో ఒకటి చొచ్చుకొనిపోయి, కుప్పగా పేరుకొన్నాయి. వెంటనే మంటలు లేచాయి. పెట్టెలలో విద్యుద్దీపాలు లేనందున సైనికులు కొవ్వొత్తులు వెలిగించుకొన్నారని, కొందరి సామానులో చేతిబాంబులు, తూటాలు కూడా ఉన్నాయని, అవి పేలుట వలన మంటలు మరింత ఉధృతమైనవని చెప్తారు. నిప్పు మరునాడు సాయంత్రము వరకు ఆరలేదు.

ఇంజను మాత్రము ఆగలేదు. దానిని నిలుపు ప్రయత్నంలో మునిగియున్న గిరార్డ్ తన వెనుక పెట్టెలు లేవన్న సంగతి వెంటనే గమనించలేదు. సెయింట్ జాన్ ద మోరియెన్ వద్ద ఆగిన పిదపనే అతనికి ఆ విషయము తెలిసినది. అక్కడ నిలిపివేసిన రైలులోని బ్రిటిష్ సైనికులను, రైల్వే కార్మికులను వెంటబెట్టుకొని అతడు ప్రమాదస్థలము వైపు తిరిగి వెళ్ళుటకు ప్రయత్నించాడు.

బ్రేకులు ఎందుకు చాలలేదు

ఈ రైలు విషయంలో బ్రేకులు పాడైపోలేదు. ఉన్న బ్రేకులు పనిచేశాయి, కాని అవి ఆ బరువుకు, ఆ వాలుకు చాలినన్ని లేవు. దీనిని చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చును.

వెయ్యికి 33 వాలుపై 526 టన్నుల రైలును భూమ్యాకర్షణ క్రిందకు లాగు బలము, బరువులో వెయ్యింట 33 వంతులు. అనగా సుమారు 17 టన్నుల బరువుకు సమానము. చక్రముల సహజ నిరోధము ఇందులో రెండు మూడు టన్నులను మాత్రమే అడ్డుకొనగలదు. తక్కిన 15 టన్నుల బలమును బ్రేకులు నిరంతరము ఎదుర్కొంటూ ఉండవలెను. సమతలముపై రైలును ఆపుటకు బ్రేకులు ఒక నిమిషము పనిచేస్తే చాలును. కొండ దిగునప్పుడు వేగము పెరగకుండా ఉండుటకే అరగంట పాటు పనిచేయవలెను.

బ్రేకు చేయు పని వేగమును వేడిగా మార్చుట. ఈ రైలు గంటకు 40 కి.మీ. వేగంతో అదుపులో దిగవలెనన్న, బ్రేకుల వద్ద పుట్టు వేడి సుమారు 1,600 కిలోవాట్లు. మన ఇండ్లలో నీళ్ళు కాచుకొను ఒక కిలోవాటు హీటర్లు 1,600 ఒకేసారి వెలిగించి ఉంచినట్లు. ఈ వేడి 19 పెట్టెల చక్రములన్నింటికీ పంచబడితే గాలి తగిలి చాలా వరకు చల్లారుతుంది. కొన్ని పెట్టెల చక్రములపైనే పడితే ఆ దిమ్మలు నిప్పుకణికలు అవుతాయి.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. ఆ కాలపు బ్రేకు దిమ్మలు పోతయినుముతో చేసినవి. 1878లో ఇంగ్లాండులో డగ్లస్ గాల్టన్, జార్జ్ వేస్టింగ్‌హౌస్‌లు జరిపిన ప్రయోగాలలో ఒక ముఖ్య విషయము తేలినది. చక్రము ఎంత వేగంగా తిరుగుతూ ఉంటే పోతయినుప దిమ్మ ఇచ్చు ఘర్షణ అంత తగ్గిపోతుంది. దిమ్మ వేడెక్కిన కొద్దీ కూడా పట్టు సడలుతుంది. కాబట్టి కొండ మార్గంలో ఒక హద్దు ఉన్నది. వేగము ఆ హద్దుకు లోపల ఉన్నంత వరకు బ్రేకులు రైలును పట్టుకొనగలవు. ఒకసారి హద్దు దాటితే వేగము పెరిగినందున పట్టు తగ్గును, పట్టు తగ్గినందున వేగము మరింత పెరుగును. ఆ తరువాత డ్రైవరు ఎంత నేర్పరి అయినను చేయగలిగినది ఏమీ లేదు. కొండ దిగు రైళ్ళకు మొదటి నుండి అతి తక్కువ వేగము విధించుటకు కారణము ఇదే.

గంటకు 135 కి.మీ. వద్ద రైలులోని గతిశక్తి, 40 కి.మీ. వద్ద ఉన్నదానికి మూడు రెట్లు అనుకొనుట పొరపాటు. గతిశక్తి వేగము యొక్క వర్గమును బట్టి పెరుగుతుంది. కావున అది పదకొండు రెట్లకు పైగా అవుతుంది.

గాలి బ్రేకుకు, చేతి బ్రేకుకు గల తేడా కూడా ఇక్కడ చెప్పవలెను. వేస్టింగ్‌హౌస్ 1870ల ఆరంభంలో రూపొందించిన స్వయంచాలక గాలి బ్రేకులో రైలు పొడవునా ఒక గొట్టము ఉంటుంది. అందులో ఒత్తిడితో గాలి నిండి ఉన్నంతసేపు బ్రేకులు విడిచి ఉంటాయి. డ్రైవరు గాలిని వదిలినను, లంకె తెగి గొట్టము ఊడినను ఒత్తిడి పడిపోయి అన్ని పెట్టెల బ్రేకులు వాటంతట అవే పడతాయి. లోపము ఏర్పడితే రైలు ఆగిపోవునట్లు చేయుటయే ఇందులోని తెలివి. చేతి బ్రేకు ఇందుకు విరుద్ధము. ఒక మనిషి కూత విని, చక్రము త్రిప్పి, మర బిగించువరకు అది పనిచేయదు. గాలి బ్రేకు అప్పటికే నలభై ఏండ్లకు పైబడిన సాధనము. ఫ్రాన్సులోని ప్రయాణీకుల రైళ్ళకు అది క్రొత్త కాదు. కాని యుద్ధకాలంలో వేరు వేరు చోట్ల నుండి తెచ్చి అతికించిన రైలులో పదహారు పెట్టెలు దాని అదుపులో లేవు.

సహాయక చర్యలు, మృతుల లెక్క

ప్రమాదస్థలము ఇరుకైన కోత అగుట, మంటలు తీవ్రంగా ఉండుట, తూటాలు పేలుచుండుట వలన సహాయకులు మొదటి గంటలలో దగ్గరకు చేరుట కష్టమైనది. పట్టణంలోని ఒక పాస్తా తయారీ కర్మాగారమును సహాయక చర్యల కొరకు వాడుకొన్నారు.

తెల్లవారిన తరువాత హాజరు పిలిచినప్పుడు పలికినవారు 183 మంది మాత్రమే. 424 మృతదేహములను గుర్తించగలిగారు. 135 దేహములు గుర్తుపట్టుటకు వీలుకానంతగా కాలిపోయాయి. మరి 37 దేహములు పట్టాల వెంబడి దొరికినవి. ఇవి రైలు నుండి దూకినవారివి, లేదా విసిరివేయబడినవారివి. గాయపడి ఆసుపత్రులకు చేరినవారిలో తరువాతి పదిహేను రోజులలో వందమందికి పైగా మరణించారు. ఈ అంకెలను కూడితే వేరు వేరు గ్రంథాలలో వేరు వేరు మొత్తములు ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది. 675 అనునది ఎక్కువమంది అంగీకరించిన సంఖ్య మాత్రమే.

యుద్ధరంగంలో ప్రాణములతో బయటపడి, ఇంటికి ఒకటి రెండు రోజుల దూరంలో మరణించినవారు వీరు.

వార్తల నిషేధము, విచారణ

ఇంతటి విషాదము జరిగినను ఫ్రెంచి ప్రజలకు దాని గురించి చాలాకాలము తెలియలేదు. యుద్ధకాలపు పత్రికలపై సైనిక నిఘా ఉండేది. ప్రజల ధైర్యము సడలునని, శత్రువునకు సమాచారము అందునని ఇటువంటి వార్తలను అణచివేసేవారు. లె ఫిగారో పత్రికలో ఐదు రోజుల తరువాత, డిసెంబరు 17న, ఇరవై పంక్తులకు కొంచెం మించిన చిన్న వార్త మాత్రమే వచ్చినది. ఫ్రాన్సులోకెల్లా పెద్ద రైలు ప్రమాదము అయి ఉండి కూడా, ఇది చిన్న ప్రమాదములంత ప్రసిద్ధి పొందకపోవుటకు మొదటి కారణము ఇదే.

పి.ఎల్.ఎం. కంపెనీ ఉద్యోగులు ఆరుగురిపై సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగినది. 1918 జూలైలో వారందరూ నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇక్కడ గమనించవలసినది, విచారణకు నిలబడినవారు రైల్వే ఉద్యోగులు. రైలును పంపవలెనని ఆజ్ఞాపించిన అధికారము సైన్యమునకు చెందినది. రైల్వే ఉద్యోగులను వదిలివేయుటతో బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న తీరలేదు, దానిని అడుగుట మాత్రము ఆగినది.

ఇటువంటి ఇతర ప్రమాదములు

వాలుపై బ్రేకులు చాలక రైలు అదుపు తప్పిన సంఘటనలు ప్రపంచంలో అనేకము ఉన్నాయి. ఐర్లండులోని ఆర్మా వద్ద 1889 జూన్ 12న జరిగినది వీటిలో ముఖ్యమైనది. సండే స్కూలు పిల్లలతో విహారయాత్రకు వెళ్తున్న రైలు వాలు ఎక్కలేక ఆగిపోగా, దానిని రెండు భాగములుగా విడదీశారు. వెనుక భాగమును చేతి బ్రేకు నిలపలేక, అది క్రిందకు జారి వెనుక వచ్చుచున్న రైలును ఢీకొన్నది. సుమారు 80 మంది మరణించారు. బ్రిటిష్ పార్లమెంటు అదే సంవత్సరము చట్టము చేసి, ప్రయాణీకుల రైళ్ళకు అన్ని పెట్టెలకు పనిచేయు స్వయంచాలక బ్రేకులను తప్పనిసరి చేసినది. ఆర్మా ప్రమాదము పత్రికలకెక్కినది, చట్టసభకెక్కినది. మోరియెన్ ప్రమాదమునకు ఆ అవకాశము దక్కలేదు.

1917లోనే, జనవరి నెలలో, రొమేనియాలోని చ్యురియా వద్ద మరొక రైలు ఇదే విధంగా వాలుపై అదుపు తప్పి, పట్టాలు తప్పి కాలిపోయినది. అది కూడా యుద్ధకాలమే. సైనికులు, శరణార్థులు పెట్టెల పైన, మధ్యన కూడా వ్రేలాడుతూ ప్రయాణించారు. మృతుల సంఖ్య 600 నుండి 1,000 వరకు ఉండవచ్చునని అంచనా.

ఇటీవలి కాలంలో టాంజానియాలో 2002 జూన్ 24న ఇగాండు వద్ద ప్రయాణీకుల రైలు వాలుపై వెనుకకు జారి గూడ్సు రైలును ఢీకొనగా 281 మంది మరణించారు. కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణంలో 2013 జూలై 6న ముడిచమురు రైలు ఒకటి మనుషులెవరూ లేకుండా వాలున జారి వచ్చి పేలిపోగా 47 మంది చనిపోయారు. రాత్రి నిలిపి ఉంచినప్పుడు దానికి వేసిన చేతి బ్రేకులు చాలినన్ని లేవు.

స్మారకములు

మృతులలో అనేకులను సెయింట్ మిషెల్‌లోనే సామూహికంగా ఖననము చేశారు. 1923 జూన్‌లో నాటి యుద్ధశాఖ మంత్రి ఆంద్రే మాజినో అక్కడి శ్మశానవాటికలో స్మారక చిహ్నమును ఆవిష్కరించాడు. సరిహద్దు కోటల వరుసకు తరువాతి కాలంలో పేరు వచ్చినది ఈయన వలననే. 1961లో మృతుల అవశేషములను లియాన్ నగరము ప్రక్కనున్న విలర్బాన్‌లోని లా దువా సైనిక శ్మశానమునకు తరలించారు. ప్రమాదము జరిగిన లా సొస్సాజ్ వద్ద ఒక స్మారక శిల వెలియుటకు మాత్రము ఎనభై ఒక్క సంవత్సరములు పట్టినది. దానిని 1998 డిసెంబరు 12న ఆవిష్కరించారు.

మార్గము తరువాతి కాలంలో

రెండు ప్రపంచ యుద్ధముల మధ్య కాలంలో ఈ మార్గమును విద్యుదీకరించారు. మొదట పట్టాల ప్రక్కన వేసిన మూడవ పట్టా ద్వారా విద్యుత్తును అందించేవారు. 1970లలో దాని స్థానంలో పైతీగలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లు పోయినను వాలు పోలేదు. 2023 ఆగస్టు 27న లా ప్రాజ్ వద్ద కొండచరియలు విరిగిపడి మార్గము మూతపడగా, 2025 మార్చి 31న మరల రైళ్ళు నడిచాయి. ఈ వాలును తప్పించుకొనుటకే సెయింట్ జాన్ ద మోరియెన్ నుండి ఇటలీలోని సూసా లోయ వరకు, పర్వతపు అడుగున దాదాపు సమతలంగా సాగు 57.5 కి.మీ. పొడవైన క్రొత్త సొరంగమును నిర్మిస్తున్నారు.